చల్లారని ఇంజను

మా అల్లుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఖరీదైన ఎస్‌యూవీ ఆ శుక్రవారం ధర్మసాగర్ నుంచి వణుకుతూ హనుమకొండలోని మా వాకిట ఆగింది. మా అమ్మాయిని ఎక్కించుకొని, కారులో వెంట వచ్చిన తన తల్లితో సహా అతడు వర్ధన్నపేటలో పెళ్లికి పోవాలి. కొడుకు పెద్ద కారులోనే దిగుతానని ఆవిడ బంధువులందరికీ చెప్పుకొంది. ఆ వణుకు పోవడానికి మార్చాల్సిన కొత్త స్పార్క్ ప్లగ్‌లు, ఇగ్నిషన్ కాయిల్‌లు డిక్కీలోనే ఉన్నాయి, తానే మారుస్తానన్నాడు అల్లుడు.

“ఇంజను కాలుతాంది. చల్లారనియ్యి అల్లుడా,” అన్నాను.

“రాహుకాలం వస్తాంది అన్నా. అండ్ల పని మొదలువెడితే అచ్చిరాదు,” అని వియ్యపురాలు కొడుకు చేతికి పానా అందించింది.

కాయిల్‌లు సులువుగానే ఊడాయి. మొదటి ప్లగ్ బిగుసుకున్నా అతడు బలవంతంగా తిప్పాడు. వేడి ఇంజనులో ప్లగ్‌ను పట్టి ఉంచే అల్యూమినియం మరలు ప్లగ్‌తో పాటే చుట్టలుగా లేచివచ్చాయి. కొత్త ప్లగ్ ఆ రంధ్రంలో నిలవలేదు; ఇక ఆ బండి కదలదు.

“మామా, జర మీ కారు తాళం ఇయ్యిరి. అమ్మను దించొస్త,” అన్నాడు తల ఎత్తకుండా.

తాళం నా జేబులోనే ఉంది.

“ఇంజను చల్లారేదాంక ఆగలేనోని చేతికి నా బండి ఇయ్య. ఆటో పిలువు.”

“బాపూ, అత్తమ్మ ముంగటనా?” అంది నా కూతురు.

“ముంగటనే. పానా అందిచ్చింది ఆమెనే గదా.”

వియ్యపురాలు పట్టుచీర కుచ్చిళ్లు పైకి పట్టుకొని, షేర్ ఆటోలో అప్పటికే ఉన్న ముగ్గురి పక్కన మిగిలిన ఒక్క చోటులో ఇరుక్కుంది. నల్లబడిన చేతులతో అల్లుడు వీధిలోనే నిలబడ్డాడు. సబ్బుతో కడుక్కొని గాని అన్నానికి రావద్దని అతనికి చెప్పి, నేను భోజనానికి కూర్చున్నాను.