ఒక దొంగ కావలెను

తొంభై తొమ్మిదిలో మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాణ్ణి. పాత్రలు వేసుకుని, కథ అల్లుకుంటూ పాచికలతో ఆడే ఆట ఒకటుంది. అది ఆడేది మేం ముగ్గురమే. అందులో దొంగ పాత్రకు నాలుగో మనిషి కోసం క్యాంటీన్ గోడకు కాగితం అంటించాను: "ఒక దొంగ కావలెను. అనుభవం అక్కర్లేదు."

సెక్యూరిటీ గార్డు నన్ను గేటు పక్క గదిలో పెట్టి గడియ వేశాడు.

"దొంగలను జమ చేస్తున్నరా సారూ? మేనేజర్ సారొచ్చేదాంక గీడనే ఉండుండ్రి."

కిటికీ ఊచల అవతల ఆఫీసంతా చూస్తోంది. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

"అది ఆటన్నా! మీరే దొంగనుకోండి. ఇలా గదిలో పెట్టేశారు. ఏం చేస్తారు?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "కావలోని పేరడిగి మంచిగ మాట్లాడ్త."

ఏడాదిగా రోజూ ఆయన సలాం అందుకుంటున్నాను. పేరు మాత్రం తెలియదు. తలొంచుకుని అప్పుడడిగాను.

"యాదగిరి" అంటూ గడియ తీశాడు.