మా జేజి నాలుక చప్పుడు

బేస్తవారం, పొద్దున పది గంటలు. పీర్లు ఏట్లో మునిగినాక వచ్చిన రెండో బేస్తవారం. అప్పట్లో మా ఇంట్లో గడియారం లేదు, ఉన్నా చూడడం నాకు రాదు. కమలాపురం వైపు పోయే పది గంటల రైలు కూత విన్నాను కాబట్టి చెబుతున్నాను. నేను అక్షరాలు దిద్దింది మనవరాలు పుట్టాక, రాత్రిబడిలో. ఇందులో సొగసు వెతకొద్దు. జరిగింది రాస్తున్నాను.

ఇన్నేళ్ల తర్వాత రాయడానికి కారణం ఒక ప్లాస్టిక్ బిళ్ళ. కడపలో నా కూతురింట్లో మనవరాలు ఒక కుక్కను పెంచుతోంది. గొర్రెలు కాసే జాతంట. ఒక్క గొర్రె లేని మూడో అంతస్తులో సోఫా చుట్టూ పరుగులు తీస్తూ, వచ్చిన చుట్టాలనే మందలాగా ఒక మూలకు తోలుతుంది. అది కూర్చున్న క్షణంలో మనవరాలు ఆ బిళ్ళను బొటనవేలితో టిక్కుమనిపించి బిస్కెట్టు ముక్క పెడుతుంది. “టిక్ అంటే నువ్వు చేసింది కరెక్టు అని, అవ్వా. ఫారినోళ్లు కనిపెట్టినారు,” అంది. “మా నాయనకు ఆ బిళ్ళ నోట్లోనే ఉండేదని చెప్పు వాళ్లకు,” అన్నాను. మనవరాలు నవ్వింది. నేను నవ్వలేదు.

మా ఊళ్లో అన్నీ మట్టి మిద్దెలు, వాకిళ్లలో కడప బండలు. ఎండాకాలం ఆ బండల మీద కాలు పెడితే పెనం మీద పెట్టినట్టే కాబట్టి పిల్లల ఆటలన్నీ జొన్నచొప్ప వామి నీడలోనే సాగేవి. ఎండిన చొప్ప తియ్యటి వాసన, మేము తొలిచిన బొరియలు, అచ్చనగండ్లు ఆడి నునుపెక్కిన రాళ్లు, కొంగులో వేయించిన చెనక్కాయలు. పీర్ల పండగకు పక్కింటి హుసేన్ మామ ఇంట్లో రొట్టె నలిపి బెల్లమూ నెయ్యీ కలిపి మలీదా చేసేవాళ్లు, ఆ నెయ్యి వాసన మా వేళ్లను ఒక పట్టాన వదిలేది కాదు.

ఆ హుసేన్ మామే కన్నడసీమ నుంచి సన్నని నడుము, పొడుగు కాళ్ల వేటకుక్కను తెచ్చుకున్నాడు. దాని పిల్లే మా గొర్రెల మందను కాచే మోతి. ఒక్క క్షణం నిలిచేది కాదు. గొర్రెలు లేకపోతే కోళ్లను తోలేది, కోళ్లు లేకపోతే సంతకు పోయే మనుషులను తోలేది. నాయన దాన్ని కొట్టి నేర్పలేదు. దారి తప్పిన గొర్రెను మళ్లించినా, చెప్పినచోట పడుకున్నా, అప్పటికప్పుడే నాలుకను అంగిట్లో అంటించి టక్కుమనిపించి, చేతిలోని సంగటి ముక్క పెట్టేవాడు. “రెప్ప కొట్టేంత ఆలీసమైనా, దేనికి పెడతాండామో దానికి తెల్దు,” అనేవాడు. టక్కు వినబడితే పని అయిపోయినట్టు. లేచొచ్చి ఎదురుగా కూర్చుని మన చేతివైపు చూస్తుంది. వినబడేదాకా మాత్రం పడుకోమన్నచోట నుంచి కదలదు.

ఆ టక్కును ఆట చేసినవాడు ఓబులేసు, మా వీధి నరసప్పకు ఒక్కగానొక్క కొడుకు, నా ఈడువాడు. మోతిని వామి బొరియలో పడుకోబెట్టి, మేము ఊరంతా తిరిగొచ్చి, వాడొక టక్కు కొడితే చొప్ప కదిలి నల్లటి ముక్కు బయటికి వచ్చేది. వాడి నాలుక నాయన నాలుక కన్నా గట్టిగా మోగేది. దారిన పోయే ప్రతి కుక్క మీదా ఆ విద్య చూపించేవాడు.

ఇక మా జేజి. నాయన తల్లి. ఆమెకు పొద్దు లేచింది మొదలు “ట్చ్, ట్చ్” అనడమే పని. మబ్బు తేలిపోతే ట్చ్, ఎవరి బిడ్డకో జ్వరమంటే ట్చ్, ఉప్పు అయిపోతే ట్చ్. మొదట్లో మోతి ఆ చప్పుడుకు చెవులు మాత్రం తిప్పేది. ఒకరోజు వచ్చి ఆమె ఎదుట కూర్చుంది. జేజి ముద్ద పెట్టింది. అప్పటి నుంచి అదీ ఒక పిలుపయింది.

“ఏమీ చేయకుండానే పెడతాండావు, సెడిపోతాది మా,” అని నాయన విసుక్కున్నాడు.

“నేనేమన్నా పిలిస్తినా? వానల్లేవని నేను ఏడుస్తాంటే అదొచ్చి కూచునె. నోటికాడికి చూస్తాంటే పెట్టకుండా ఎట్లుండేది?” అంది జేజి.

ఆ ఏడు పీర్ల పండగకు ముందు ఎక్కడిదో ఒక కుక్క ఊళ్లోకి వచ్చి ఓబులేసు చెయ్యి కరిచింది. నాటుమందు మింగించారు. పండగ నాడు వాడు మలీదా తిన్నాడు. తర్వాత నీళ్లచెంబు చూసి అరవడం మొదలుపెట్టాడు. రెండు రోజుల్లో పోయాడు. ఊళ్లో ఒక్క కుక్క కూడా మిగలకూడదని పెద్దలు తేల్చారు. కట్టె పట్టింది నరసప్ప.

ఆ బేస్తవారం వాళ్లు మా వీధి మలుపు తిరిగేలోపే నాయన మోతిని వామి బొరియలో పడుకోబెట్టి చొప్ప కప్పాడు. “ఎవురూ నోట్లో నాలిక కదిలించొద్దు,” అన్నాడు. అమ్మ నన్ను పట్టుకుంది. జేజి సంగటి కుండ పక్కన అరుగు మీద కూర్చుంది.

నరసప్ప వచ్చాడు, వెంట ఇద్దరు. పశువుల కొట్టం చూశారు, మిద్దె ఎక్కి చూశారు. నరసప్ప వామి ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఓబులేసు ఆట అతనికి తెలియనిది కాదు. ఒక్క టక్కు చాలు. అతను నాలుక కొట్టలేదు. “ఈడ లేదులే, పాండి,” అని వెనక్కి తిరిగాడు.

వెంట వచ్చినవాళ్లు ముందు నడిచి, హుసేన్ మామ గడపలోంచి మోతి తల్లిని వీధిలోకి ఈడ్చుకొచ్చారు. ముసలిది, పరుగెత్తలేదు. మొదటి దెబ్బకు అది అరిచిన అరుపు విని, అరుగు మీద నుంచి జేజి అంది: “ట్చ్, ట్చ్, ట్చ్.”

చొప్ప కదిలింది. మోతి ఒళ్లు దులుపుకుని, మా అందరి మధ్య నుంచి నడిచి, జేజి ఎదుట కుదురుగా కూర్చుని ఆమె చేతివైపు చూసింది.

నాయన వెళ్లి అడ్డం నిలబడ్డాడు. “ఇది పిచ్చిది కాదు నరసప్పన్నా. సూడు, పిలిస్తే వచ్చినాది.”

“నా కొడుకును కరిసిందీ పిలిస్తేనే వచ్చినాదప్పా,” అన్నాడు నరసప్ప. గొంతు లేపలేదు. “మావోడు నాలిక కొట్టి పిలిసినాడు దాన్ని. మీ ఇంటికాడ నేర్సుకున్న ఇద్దె.”

నాయన పక్కకు తప్పుకున్నాడు. ఎవరూ నెట్టలేదు.

జేజి కుండలో చెయ్యి పెట్టింది. “పిలిసి పెట్టకుండా ఎట్లుండేది? కొంచేపు ఉండు నాయనా, ముద్ద తిననీ.” నరసప్ప కట్టె దించి నిలబడ్డాడు. మోతి ముద్ద తిని, ఆమె వేళ్ల సందులు కూడా నాకింది. అమ్మ నా తలను తన కొంగులోకి లాక్కుంది. ఆ తర్వాత నేను విన్నది రైలు కూత ఒక్కటే.

జేజి ఆ తర్వాత పదిహేనేళ్లు బతికింది. వానలు ఎగ్గొట్టాయి, గొర్రెలు చచ్చాయి, నాయన ఆమె కన్నా ముందే పోయాడు. నాయన పాడె లేచేటప్పుడు ఆమె రెండు పెదాలూ పళ్లతో నొక్కి పట్టుకుంది. ఆ చప్పుడు మళ్లీ ఆమె నోట వినలేదు. మా ఇంట్లో మళ్లీ కుక్కను పెంచలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో చొప్పవామి లేదు, మంద లేదు, అరుగు మీద సిమెంటు పోశారు. మనవరాలు బిళ్ళ నొక్కినప్పుడల్లా ఆ కుక్క కన్నా ముందు నేను ఉలిక్కిపడతాను. నిన్న అడిగాను: “అమ్మే, ఆ చప్పుడు వీధిలోకి వినబడనీయొద్దు.” ఎందుకని అడిగింది. చెప్పడం చేతగాక రాసిస్తున్నాను.

ఆ బేస్తవారం మా వాకిట్లో, ముందు వీధిలో ఉన్నవాళ్లు: జేజి లచ్చుమమ్మ, నాయన గంగన్న, అమ్మ ఈరమ్మ, నరసప్ప, అతని వెంట వచ్చిన సుబ్బన్న, బాలన్న, తన ఇంటి గడపలో తలపట్టుకుని కూర్చున్న హుసేన్ మామ, వీధిలో పడి ఉన్న మోతి తల్లి, మోతి, నేను. ఓబులేసు పేరు కూడా రాయాలి. వాణ్ని పూడ్చి అప్పటికి వారం దాటింది, కానీ నరసప్ప వాణ్ని వెంటబెట్టుకునే వచ్చాడు.