పాటిగడ్డ హర్రాజు

పని అయిపోయిందనుకున్న రోజే కొత్త పని తలుపు తట్టడం నీలవ్వ నుదుట రాసి ఉంది. పసుపు తవ్వించి, ఉడకబెట్టి, కళ్ళంలో ఆరబోసి, ఆర్మూర్‌లో అమ్మి ఇంటికి వచ్చేసరికి ఆమె నడుము నడుముగా లేదు. ఇంకెవరైనా అయితే నాలుగు రోజులు మంచం దిగరు. ఆమెకు ఆ యోగం కూడా లేదు. మర్నాడే పాటిగడ్డ హర్రాజు ఉందని ఊళ్ళో చాటింపు వేశారు.

పాటిగడ్డ అంటే ఊరి పక్కనున్న మన్నుదిబ్బ. ఎప్పుడో, తాతల తాతలకు కూడా గుర్తులేని కాలంలో అక్కడొక ఊరుండేదట. ఆ ఊరి బూడిద, పెంట, పెంకులు కలిసిన నల్లమన్ను చేలో పోస్తే పసుపు విరగపండుతుంది. అందుకే ప్రతి ఎండాకాలం ఊరి కమిటీ గడ్డను చెక్కలుగా విడదీసి వేలానికి పెడుతుంది, అదే హర్రాజు. పాడుకున్నవాడు ట్రాక్టర్లతో మన్ను తోలుకుపోతాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అది తప్పని ఊళ్ళో ఎవరికీ ఏనాడూ తోచలేదు.

తోచింది నీలవ్వ కూతురు మానసకు. ఆ పిల్ల హైదరాబాద్‌లో పురావస్తు శాస్త్రం చదువుతోంది. చదువు చదువుకుంటే పోయేది, పరిశోధన కూడా సొంత ఊరి దిబ్బ మీదే పెట్టుకుంది. తవ్వుకోవడానికి అనుమతి కాగితం వచ్చింది. పైసలు రాలేదు. "ఫండ్ వస్తదే అమ్మా, జర టైమ్ పడ్తది" అని మానస అంటూనే ఉంది, ఫైలు ఏ బల్ల మీదో నిద్రపోతూనే ఉంది. కమిటీ వాళ్ళేమో, కాగితం గుంత తవ్వడానికే, గడ్డ మాత్రం ఊరిదని తేల్చేశారు.

ఇక ఎవరు పెట్టాలి? తల్లే పెట్టింది. నిరుడు మానస, ఆమెతో చదివే పిల్లలు తవ్వాల్సిన చెక్కను తనే పాడుకుంది. వాళ్ళ చదువు చెప్పే సారుకూ పిల్లలకూ పసుపు కొట్టంలో పక్కలు వేసి, రోజూ అంతమందికీ రొట్టెలు చేసి పెట్టింది. ఎండాకాలమంతా కూర్చుని పిల్లలు కుంచెలతో మన్ను ఊడ్చారు. ఒక పొయ్యి బయటపడింది. పొయ్యి పక్కన మాడిన గింజలు. ఆ రోజు మానస గుంతలోంచి ఎక్కి వచ్చి తల్లిని కౌగిలించుకుంది. "ఇంకొక్క ఏడు తవ్వితే గా పొయ్యున్న ఇల్లు మొత్తం తేల్తదమ్మా. గా ఇల్లే నా పరిశోధన" అంది. ఏం పొయ్యో ఏమోగానీ, బిడ్డ ముఖం అంత వెలిగిపోవడం నీలవ్వ ఎన్నడూ చూడలేదు.

అయితే ఊరు ఊరుకుంటుందా? పైకం పోసి మన్ను కొని తట్టెడు కూడా ఎత్తని మనిషిని వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎత్తలేదంటే అడుగున ఏదో ఉందన్నమాట. ఉంటే లంకెబిందెలే! ఏడాది తిరిగేసరికి మూడు జేసీబీల యజమాని నర్సింలు నోట్లో నీళ్ళూరుతున్నాయి.

హర్రాజు రోజు నర్సింలు సరిగ్గా నీలవ్వకు ఎదురుగా కూర్చున్నాడు. "ఏమొదినే, గా గుంతల ఏం దొరికిందో జర మాక్కూడా చెప్పరాదు?"

"పెంకులు, మాడిన గింజలు."

"మాడిన గింజలకు గింత ఖర్చు వెడ్తరా ఎవరన్న?" అని అతను నవ్వాడు. అందరూ నవ్వారు.

నీలవ్వకు అప్పుడు సంగతి తలకెక్కింది. తను ఎంత పాడితే అతను అంతకు మించి పాడతాడు. తన నోరే ధర పెంచుతుంది. సరే, నోరు మూసుకుంటే పోలా? ఆశ చచ్చి అతను తప్పుకున్నాక ఆఖర్న అగ్గువ ధరకు అందుకోవచ్చు.

కమిటీ మనిషి నిరుటి చెక్క పేరు చెప్పగానే, "నేనియ్యాల పాడ" అని కొంగు సర్దుకుంది నీలవ్వ.

నర్సింలు ముఖం వాడిపోయింది. "అంటే నిరుడే తీస్కపోయినవన్నట్టు! ఖాళీ బొక్కెన నాకెందుకు" అని బీడీ ముట్టించాడు. పన్నాగం పారిందని నీలవ్వ లోపల మురిసింది. ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. వెనక వరసలోంచి ఎంకటి, ఎప్పుడూ పెద్దగా మాట్లాడని ఎంకటి, మామూలు ఎరువు మన్ను ధర పాడాడు. నీలవ్వ నోరు తెరిచింది. నర్సింలు బీడీ ఆపి ఆమె వైపే చూస్తున్నాడు. తెరిచిన నోరు మూసుకుంది. చెక్క ఎంకటి పేర పోయింది.

పొద్దు వాలుతుండగా ఆమె ఎంకటి ఇంటికి వెళ్ళింది. మానస, పిల్లలు వచ్చేది సోమవారం. ఎంకటి ట్రాక్టర్ రేపు పొద్దున్నే కదులుతుంది.

"నీ పైకం మీద ఇంకింత కలిపిస్త తమ్మీ, గా చెక్క నాకిడువు."

"పైకం చేన్ల వోస్తే పసుపు మొలుస్తదా వదినే?" అన్నాడు ఎంకటి. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నాది గరుసు నేల. రెండేండ్ల సంది విత్తనం ఖర్సు గూడ ఎల్తలేదు. నీకు బిడ్డ సదువెంతనో, నాకు గా మన్నంత."

నీలవ్వ అరుగు మీద కూలబడింది. ఏమని తిడుతుంది? ఆమె నిరుడు కొన్నదీ, అతను ఇవాళ కొన్నదీ ఒకే ఊరి రివాజు ప్రకారమే. లేచి ఇంటికి పోయి పడుకోవాలనిపించింది. బిడ్డకు ఏం చెప్పాలో మాత్రం తోచలేదు. ఆమె తల ఎత్తింది.

"నా చేన్ల మన్ను తీస్కపో."

"ఏంది?"

"బాయి కాడి మడి. నా పెండ్లినాడు గదీ ఎర్ర గరుసే. మీ అన్న బతికినన్ని దినాలు బండ్లకు బండ్లు పాటిమన్నే తోలి వోసిండు గా మడిల. మన్నుకు మన్ను. గడ్డ జోలికి మాత్రం పోకు."

ఎంకటి ఆమెను ఎగాదిగా చూశాడు. ఆర్మూర్ చుట్టుపక్కల నీలవ్వ మొగుడు కాశీరాం మడి అంటే తెలియని పసుపు రైతు లేడు. అలాంటి నేల కావాలంటే ఒక మనిషి జీవితకాలం పడుతుంది. కాశీరాంకు అంతే పట్టింది.

"మరి నువ్వేం పండిస్తవ్?"

"మక్కజొన్నలేస్త. మొలిస్తే మొలుస్తయ్."

ఎంకటి లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు.

తెల్లారి ఎంకటి కిరాయికి తెచ్చిన జేసీబీ బాయి కాడి మడిలో దిగింది. మొదటి బొక్కెన లేవగానే నల్లమన్ను వాసన గుప్పుమంది. నీలవ్వకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని చూడనూ లేదు. మొగుడు పోయిననాడు చుట్టాల మధ్య ఏడవలేని ఏడుపంతా గట్టు మీద ఒంటరిగా కూర్చుని ఏడ్చింది.

ఫోన్ మోగింది. మానస.

"అమ్మా, హర్రాజు ఏమైంది?"

"గడ్డ జోలికి ఎవ్వరు వస్తలేరు బిడ్డా. ఫికర్ చెయ్యకు. అందర్ని తీస్కొని రా."

"నిజంగనా! సారుకు ఇప్పుడే చెప్త. అమ్మా, గా సప్పుడేంది?"

"చేన్ల పని నడుస్తున్నది. రొట్టెలకు పిండి పట్టియ్యాలె, ఎంతమంది వస్తున్నరో చెప్పు."

మానస ఒక్కొక్కరి పేరూ చెబుతోంది. ట్రాక్టర్ మరో ట్రిప్పుకు మళ్ళింది. మడిలో నల్లమన్ను అయిపోయి, కాశీరాం పెళ్ళినాటి ఎర్ర గరుసు తేలింది.