బస్సులు ఆగిన ఎండాకాలం

నల్గొండ బస్టాండుకు దగ్గరలో ఒక మేడ మీద రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. కింద ఇంటామె ఒక్కతే ఉండేది. అందరూ పిలిచినట్టే నేనూ ఆమెను చాచీ అనేదాన్ని. మా ఆయనది ఆటో. దగ్గరుంటే బేరాలు దొరుకుతాయని ఆ ఇల్లు ఎంచుకున్నాం.

ఆ ఇంటికి వచ్చాకే నాకు ఆయాసం పట్టుకుంది. తెల్లవారుజామున బస్సులన్నీ ఇంజిన్లు ఆన్ చేసి నిలబెడితే ఆ పొగ నేరుగా మా కిటికీలోకి వచ్చేది. గోడకు ఆనుకుని కూర్చుని, గొంతులో పిల్లికూతలతో ఊపిరి లాక్కునేదాన్ని. పొగ పడదని డాక్టరు చెప్పాడు. అయినా నా ఒంటి తత్వమే అంత అనుకుని సర్దుకున్నాను. ఆయన కూడా ఆ మాట ఎత్తేవాడు కాదు. పొగ వదిలే బండే కదా మాకు అన్నం పెడుతున్నది!

కరోనా వచ్చి అన్నీ బంద్ పెట్టినప్పుడు నేను ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నాను. ఎవరు తుమ్మినా జనం ఉలిక్కిపడే రోజులవి. నేను దగ్గుతుంటే ఎదురింటివాళ్లు కిటికీలు వేసుకున్నారు. ఆఫీసరోళ్లకు చెప్పి తీసుకుపోయేలా చేస్తామని ఎవరో అన్నారట. ఆ మాట చెవిన పడగానే చాచీ గేటు దగ్గర నిలబడి గొంతెత్తింది.

"గా పిల్లకు దమ్ము రోగమున్నది. ఏండ్ల సంది నేను సూస్తున్న. కరోనా లేదు, గిరోనా లేదు. మీరేం ఫికర్ జేయకుండ్రి!"

అంతలో నోట్లో కొట్టుకునే పఫ్ అయిపోవచ్చింది. మా ఆయన మూతికి దస్తీ కట్టుకుని మందుల దుకాణానికి నడిచి బయలుదేరాడు. గడియారం సెంటర్ దగ్గర పోలీసులు ఆపారట. జేబులోంచి పాత పఫ్ తీసి చూపించి, "సారూ, నా భార్యకు దమ్ము. గిది లేకుంటె ఊపిరాడది" అన్నాడట. లాఠీ ఎత్తిన కానిస్టేబుల్ చెయ్యి దించి, "జల్ది పోయి రా" అన్నాడట. చెమటతో తడిసి ఇంటికొచ్చి, నా చేతిలో పఫ్ పెట్టేదాకా ఆయన నీళ్లు కూడా ముట్టలేదు.

ఓ వారం గడిచి ఉంటుంది. పొద్దున కళ్లు తెరిచేసరికి ముఖం మీద ఎండ పడుతోంది. మా ఆయన నా పక్కనే కూర్చుని నన్నే చూస్తున్నాడు. ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"నీ గొంతుల కూతలు ఇనొస్తలేవు. బయమై ముక్కు కాడ చెయ్యి వెట్టి సూసిన."

అప్పుడు చూసుకున్నాను. నేను వెల్లకిలా పడుకుని ఉన్నాను! గోడకు ఆనుకోలేదు, దిండ్లు ఎత్తు పెట్టుకోలేదు. ఊపిరి దానంతటది వస్తోంది, పోతోంది. నవ్వు వచ్చింది. నవ్వినా దగ్గు రాలేదు. దాంతో ఇద్దరం మరింత నవ్వాం.

ఆ రోజు తడిబట్టల బకెట్ పట్టుకుని మధ్యలో ఎక్కడా ఆగకుండా డాబా ఎక్కాను. గుట్ట మీది దర్గా, దాని మెట్లు గీసినట్టు కనిపించాయి. రోజూ ఉండే గుట్టే. మురికిపట్టిన అద్దంలోంచి చూసినట్టు ఉండేది ఇన్నాళ్లూ. ఎదురింటామె తన డాబా మీద నుంచి, "దమ్ము తగ్గిందా అక్కా?" అని అడిగింది. తగ్గిందన్నాను. మర్నాటి నుంచి వాళ్ల కిటికీలు తెరుచుకున్నాయి.

కింద ఆటో మీద టార్పాలిన్ కప్పి ఉండేది. రేషన్ బియ్యంతో, చాచీ పంపే పప్పుతో పూట గడిచేది. మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్లకు నడిచిపోయేవాళ్లను చూసి, ఇలాంటప్పుడు నాకు సంతోషమేంటని సిగ్గేసేది. ఆ మాటే ఆయనతో అన్నాను.

"పని లేదన్న బాద నాకున్నది," అన్నాడు. "కని నువ్వు నిమ్మలంగ పండుకుంటె నా పానం గూడ నిమ్మలమైంది. అబద్దమెందుకు?"

బస్సులు మళ్లీ తిరగడం మొదలైంది. నాలుగు రోజులైనా కాకముందే పిల్లికూతలు వచ్చేశాయి. ఈసారి అది నా తత్వమని ఇద్దరిలో ఎవరమూ అనలేకపోయాం. ఆయన గబగబా మెట్లు దిగి చాచీ దగ్గరికి పోయాడు. వెనకే నేనూ దిగాను.

"చాచీ, ఇల్లు ఖాళీ జేస్తం. నీ ఇల్లు మంచిదే. గాలే మంచిగ లేదు."

చాచీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నాకు తెల్వదా బేటా? పిల్ల ఆయాసపడుతుంటె కింద నాకు ఇనొచ్చేది. మీరు పోతె తోడుండదని ఊకున్న. తీస్కపో, మంచి జాగ సూస్కోండ్రి."

పానగల్లు దిక్కున, పెద్దరోడ్డుకు బాగా లోపల, వెనకంతా పొలాలున్న ఇల్లు దొరికింది. బేరాలకు ఆయన ఇప్పుడు చాలా దూరం పోవాలి. చలికాలంలో పొలాల్లో వరి కొయ్యకాళ్లు కాల్చినప్పుడు నాకు కొంచెం ఇబ్బందే. మిగతా రోజుల్లో పఫ్ ఎక్కడ పెట్టానో కూడా గుర్తుండదు. శుక్రవారం శుక్రవారం చాచీని ఆటోలో తెచ్చుకుంటాం, సాయంత్రం దాకా ఉంటుంది.

మా గల్లీ మలుపు రాగానే ఆయన ఇంజిన్ ఆపేసి, దిగి, ఆటోను గుమ్మం దాకా తోసుకుంటూ వస్తాడు. కొత్తలో వాడకట్టువాళ్లు ఆగి అడిగేవారు, బండి ఖరాబైందా అని.

"లే, మంచిగనె ఉన్నది," అని తోసుకుంటూనే వచ్చేవాడు.