కుడిపక్క సీటు

మొన్న ఆదివారం మా అక్క కొడుకు హాల్లో కూర్చుని ఫోనులో ఏదో చూస్తున్నాడు. నేను వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతున్నాను. ఉన్నట్టుండి ఆ ఫోనులోంచి ఒక తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. ఇప్పటి కార్ల రేకుడబ్బా చప్పుడు కాదు. బరువుగా, మెత్తగా "దబ్"మని, వడ్ల బస్తా నేలమీద దించినట్టు. నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. నలభై ఏళ్ల కిందట రోజూ సాయంత్రం విన్న చప్పుడది. "ఏదీ, మళ్లీ పెట్టు" అంటూ పరుగున వెళ్లాను. చూద్దును గదా, అదే కారు. నల్లగా, పొడుగ్గా, ముందు వెండి పళ్లు నవ్వుతున్నట్టున్న ఆ అమెరికా కారు. అమ్మకానికి పెట్టారు. కింద నాలుగు వాక్యాల ప్రకటన ఉంది. పాత రంగు చెక్కు చెదరలేదని, సీట్ల తోలు మొదటిదేనని, ఇంజిన్ నడుస్తోందని రాశారు. చివరి వాక్యం మాత్రం రెండుసార్లు చదివాను. "ఇన్నేళ్లలో ఒకే ఒక్క చిన్న ప్రమాదం, అదీ డ్రైవర్ పొరపాటు."

ఆ డ్రైవర్ పేరు ఖాజా మియా. నేను చాచా అనేదాన్ని. ఈ రోజు నిజామాబాద్‌లో నేను డ్రైవింగ్ స్కూల్ నడుపుకుంటూ నలుగురిలో తలెత్తుకు తిరుగుతున్నానంటే ఆయన చలవే. ఆ పొరపాటు ఆయనది కాదు. ఆ సంగతి తెలిసిన మనిషిని లోకంలో నేనొక్కదాన్నే మిగిలాను.

కారు సుబ్బారావు గారిది. కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి మోస్రా దగ్గర క్యాంపులో, అంటే అలా వలస వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లో, స్థిరపడిన రైతు. చెరకు కలిసొచ్చిన ఒక ఏడాది హైదరాబాద్‌లో ఎవరో నవాబుగారి సామాను వేలం వేస్తుంటే చూడ్డానికి వెళ్లి, ట్రాక్టర్ కొనాల్సిన మనిషి దీన్ని కొనుక్కొచ్చారు. వాళ్లావిడ నెల రోజులు మాట్లాడలేదని క్యాంపులో చెప్పుకునేవారు. కారుతోపాటు నవాబుగారింటి డ్రైవరు కూడా వచ్చాడు. ఆయనే ఖాజా చాచా. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, ఎప్పుడూ ఉతికిన ఖాకీ చొక్కా. పొలాల ఎలుకలు తీగలు కొరకకుండా సీట్ల కింద డాంబర్ గోలీలు, ఎండిన వేపాకు పెట్టేవాడు. వానాకాలం బురదరోడ్ల మీద కారు బయటికి తీస్తే ఒట్టు. సొంత కూతురి పెళ్లికి కూడా ఆటోలోనే వెళ్లాడు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. బోధన్‌లో మా ఇల్లు. సుబ్బారావు గారి అబ్బాయి రవికి చదువు చెప్పడానికి రోజూ మధ్యాహ్నం బస్సులో క్యాంపుకు వెళ్లేదాన్ని. సాయంత్రం సుబ్బారావు గారిని చెరకు ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి తీసుకురావడానికి కారు ఖాళీగా బోధన్ వెళ్లేది. దారిలో నన్ను ఇంటి దగ్గర దింపేవాడు చాచా. మొదటిరోజు వెనక తలుపు తీయబోయాను. వెనక సీటు మా ఇంటి మంచాల కంటే మెత్తన. చాచా అద్దంలోంచి చూసి, "వెనక కూసుంటే మహారాణివి బేటీ. ముందట కూసుంటే పనికొస్తవ్" అన్నాడు.

పనికి రావడమంటే ఏమిటో ఆ దారిలోనే తెలిసింది. ఆ కారుకు స్టీరింగు ఎడమవైపు. మన రోడ్ల మీద ముందున్న బండిని దాటాలంటే ఆయనకు ఎదురుగా వచ్చేది కనిపించదు. కుడిపక్క కూర్చున్న మనిషే చూసి చెప్పాలి. "ఖాళీ ఉందా బేటీ?" అని అడిగేవాడు. నేను తల బయట పెట్టి చూసి, "ఉంది చాచా" అంటే చాలు, మారు మాట లేకుండా కారు దూకించేవాడు. మా ఇంట్లో నా మాటకు అంత విలువ ఎన్నడూ లేదు. కూరలో ఉప్పు సరిపోయిందంటే కూడా మా బాపు ఇంకొకరిని అడిగేవాడు. అలాంటిది ఒక పెద్దమనిషి నా ఒక్క మాట మీద తన ప్రాణం, ఆ కారు ప్రాణం పెట్టేవాడు. ఒకసారి భయమేసి అడిగాను, "నేను తప్పు చెప్తే?" అని.

"చెప్పవు."

"చెప్తే?"

"చెప్తె ఇద్దరం పోతం. గందుకే చెప్పవు" అని నవ్వాడు.

ఆయనకు ఇంకో పట్టుదల ఉండేది. హారన్ ముట్టేవాడు కాదు. చెరకు కొట్టే రోజుల్లో ఫ్యాక్టరీ రోడ్డంతా ఎడ్లబండ్లే. చెరకు నింపిన బండి మీద రైతు కునుకుతుంటాడు, ఎడ్లు తమ దారిన తాము నడుస్తుంటాయి. చాచా కారు ఆపి, దిగి, నడిచి వెళ్లి, "అన్నా, జర సైడ్" అంటూ తనే ఎద్దు ముకుతాడు పట్టుకుని పక్కకు నడిపించి, తిరిగొచ్చి కారు తీసేవాడు. సుబ్బారావు గారు విసుక్కునేవారు. "ఏమయ్యా ఖాజా, ఆ హారన్ మరి దేనికి పెట్టారంటావ్?"

"పట్నపోళ్లకు సాబ్. ఎడ్లకు ఇంగ్రీజు రాదు" అనేవాడు చాచా. ఆయన నవ్వేసి ఊరుకునేవారు.

చెరకు కొట్టాక ఎండలో ఉన్నకొద్దీ బరువు తగ్గుతుంది. ఫ్యాక్టరీ దగ్గర వంతు తప్పితే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఏడాది కష్టం ఆ బండిమీద ఉంటుంది. వాళ్లను అదరగొట్టకూడదని చాచా ఎప్పుడూ ఉపన్యాసం ఇవ్వలేదు. దిగి నడిచేవాడు, అంతే.

ఏడాది గడిచాక ఒక సాయంత్రం, "సూపు నేర్చినవ్. ఇగ చేతులకు నేర్పాలె" అని తాళం నా చేతిలో పెట్టాడు. ఇంట్లో తెలిస్తే చదువు చెప్పే పనికీ, బయటికి రావడానికీ నీళ్లు వదులుకోవాల్సిందే. సుబ్బారావు గారికి తెలిస్తే సరేసరి. అయినా రోజూ రెండు మైళ్లు నేను నడిపేదాన్ని. చాచా కుడిపక్క సీట్లో కూర్చునేవాడు. ఇప్పుడు అడగడం నా వంతు, చెప్పడం ఆయన వంతు.

అవీ చెరకు రోజులే. ఆ సాయంత్రం నేను తొందరలో ఉన్నాను. ఎందుకని అడిగితే సిగ్గుపడాలి, ఇంటికి చుట్టాలొస్తున్నారు, అంతే. ముందు గంగారాం అనే మోస్రా రైతు బండి. పైన ఆయన నిద్రపోతున్నాడు. "ఆగు బేటీ, దిగి చెప్పొస్త" అంటూ చాచా తలుపు తీశాడు. ఆయన కాలు ఇంకా నేల మీద పడలేదు. నాకు ఓపిక లేకపోయింది. ఒక్కసారేగదా అని హారన్ నొక్కాను.

అది హారన్ కాదు, రైలు కూత. కోడెవయసు ఎడ్లు బెదిరి కాలువ గట్టుకేసి పరుగెత్తాయి. బండి అడ్డం తిరిగి, దాని ఇరుసు కారు ముందు చక్రం మీది రేకు రెక్కకు తగిలి, అటే ఒరిగిపోయింది. చెరకంతా కాలువలో పడింది. గంగారాం గడ్డిలో పడ్డాడు గనుక బతికిపోయాడు. ఒక ఎద్దు కాలు బెణికి లేవలేకపోయింది. నేను ఇంకా స్టీరింగు పట్టుకునే ఉన్నాను. చాచా ఒక్క మాటే అన్నాడు, "బేటీ, వెనక కూసో." అప్పుడు కూర్చున్నాను ఆ మెత్తటి సీట్లో.

గంగారాం లేచి దుమ్ము దులుపుకుంటూ, "ఖాజా భాయ్! నువ్వేనా హారన్ కొట్టింది?" అన్నాడు. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఆ గొంతులో.

"నేనే గంగారాం. చెయ్యి పడ్డది. మాఫ్ చెయ్యి."

తరువాత ముగ్గురం కాలువలో దిగి చెరకు మోశాం. చెరకాకులు కోసుకుపోయి నా అరచేతుల నిండా గీతలు పడ్డాయి. పొద్దు గూకుతుండగా ఫ్యాక్టరీ గేటు దగ్గర సుబ్బారావు గారు సొట్టపడిన రెక్కను చేత్తో తడిమి, "నువ్వా ఖాజా?" అన్నారు. చాచా తల వంచుకుని, "నేనే సాబ్" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే రెండు మాటలు. తెరవలేదు.

మర్నాటి నుంచి కారు వేరే మనిషి నడిపాడు. చాచాను ట్రాక్టర్ మీదికి పంపారు. నేను వెళ్లి ఏడ్చాను, చెప్పేస్తానన్నాను. "ఇప్పుడు చెప్తె నీ పనీ పోతది, నేర్చిందీ పోతది. లైసెన్స్ రానీ, గప్పుడు చెప్దువు తియ్" అన్నాడు. లైసెన్స్ వచ్చింది. చూపించడానికి వెళ్తే దాన్ని అటూ ఇటూ తిప్పి, నా ఫోటో చూసి మురిసిపోయాడు. చెప్పమని మాత్రం గుర్తుచేయలేదు. నేనూ గుర్తులేనట్టే ఉన్నాను. ఆ తరువాత ఎప్పుడు కలిసినా, "ఇయ్యాల ఎన్నిసార్లు కొట్టినవ్ హారన్?" అని ఆటపట్టించేవాడు. మాట్లాడుతుండగా ఆ కారు అటుగా వెళ్తే మాట మధ్యలో ఆపేసి, అది మలుపు తిరిగేదాకా చూసేవాడు. ఆ చూపు నేను భరించలేకపోయేదాన్ని. క్రమంగా వెళ్లడమే తగ్గించాను. ఆయన పోయాడని కూడా నాకు పది రోజుల తరువాత తెలిసింది. ఇక ఎవరికి చెప్పాలి, చెప్పి ఏం లాభం అని సరిపెట్టుకున్నాను. పిరికితనానికి కారణాలు కొదవా!

ఆ ప్రకటన చూసిన మర్నాడే క్యాంపుకు వెళ్లాను. కారు అమ్ముతున్నది నా శిష్యుడు రవే. జుట్టు నెరిసింది గానీ, "టీచర్ గారూ!" అన్న పిలుపు మారలేదు. ముంబై నుంచి ఎవరో కొనడానికి వస్తున్నారట. షెడ్డులో కారు తళతళలాడుతోంది. ముందు రెక్క అంచున చెయ్యి పెట్టాను. బొటనవేలంత సొట్ట. కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది.

"రవీ, నువ్వు రాసిన దాంట్లో ఒక్క మాట తప్పు" అన్నాను. ఎన్నో ఏళ్లుగా నోట్లో నానుతున్న మాట. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

రవి కూడా ఆ సొట్టను వేలితో తడిమాడు. తరువాత, "నాన్నగారు పోయేదాకా అంటూనే ఉన్నారు టీచర్ గారూ. ఆ రోజు ఖాజా చేతికి ఏమైందో, అలాంటివాడు కాదే, అని" అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది. అడిగిన మనిషీ లేడు, మోసిన మనిషీ లేడు. ఆ రెండు మాటలు అప్పుడే అనుంటే చాచా ఆ స్టీరింగు పట్టుకునే ముసలివాడయ్యేవాడు.

రవి ఫోను తీశాడు. "ఏమని రాయమంటారు?"

"ఒకే ఒక్క చిన్న ప్రమాదం. నడిపింది డ్రైవర్ కాదు, ఆయన దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయి. ఖాజా మియా తన చేత్తో ఈ కారు హారన్ ఎన్నడూ కొట్టలేదు."

"ఇదంతా ఎందుకండీ, కొనేవాడికేం తెలుస్తుంది?"

"తెలియకపోనీ. రాయి. నా పేరు కూడా పెట్టు."

రాశాడు. వెళ్లబోతుంటే తాళం నా చేతికిచ్చి, ఒకసారి నడపమన్నాడు. తను కుడిపక్క ఎక్కాడు. ఇప్పుడా రోడ్డు మీద చెరకు బండ్లు లేవు, పొలాలన్నీ వరే. మలుపు దగ్గర ఒకామె సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసుకుంటోంది. ఆపి, దిగి, నడిచి వెళ్లాను. "అక్కా, జర దారిస్తవా?" అన్నాను. ఆమె కారును, నన్ను మార్చి మార్చి చూసి, "గంత పెద్ద కారేస్కొని నడ్శి వచ్చినవా!" అంటూ వడ్ల కింద పరిచిన పరదా అంచు మడిచింది. ఎన్నో ఏళ్ల తరువాత గుండె తేలికైంది. అయితే తిరిగొచ్చి చూస్తే కుడిపక్క సీట్లో ఉన్నది రవి.

కారు ముంబై వెళ్లిపోయింది. నా దగ్గర చేరినవాళ్లకు మొదటి వారం హారన్ ముట్టనివ్వను. మేడంకు చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. నా కారుకు స్టీరింగు కుడివైపే, రోడ్డంతా నాకు కనిపిస్తూనే ఉంటుంది. అయినా ముందు బండి అడ్డొచ్చినప్పుడల్లా పక్క సీటుకేసి తల తిరుగుతుంది. "ఖాళీ ఉందా చాచా?" అని లోలోపల అడుగుతాను. ఆ తరువాతే దాటుతాను.