ఎర్విన్ ఏ చర్చికి పోతాడు

మా నాన్న పేరు ఎర్విన్. కర్నూలులో ఆటో నడుపుతాడు. ఈ పేరుతో ఆయన పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. దానికి నేను తిట్టుకోవలసింది చచ్చి ఏ లోకాన ఉన్నాడో మా తాత శేషన్ననే.

తాత మంగంపేట ముగ్గురాయి గనుల్లో కూలి, యూనియన్ మనిషి. డెబ్బై ఆరులో తూర్పు జర్మనీ రాయబారి ఎర్విన్ గని కార్మికులను చూడటానికి వచ్చాడట. ఆ వారమే నాన్న పుట్టాడు. ఇంకేముంది, అదే పేరు. మా ఇంట్లో దేవుడి పటం ఒక్కటీ ఉండేది కాదు. గోడకు కోటూ టైతో ఆ రాయబారి ఫొటో ఉండేది.

మొన్న నర్సింగ్ సీటు కోసం నాకు ఎస్సీ సర్టిఫికెట్ కావలసి వచ్చింది. తాత సర్టిఫికెట్ ఎప్పుడో పోయింది. పదో తరగతి తప్పిన నాన్నకు దాని అవసరమే పడలేదు. పేరు చూడగానే తహసీల్దారు ఆఫీసులో అనుమానం, వీళ్లు క్రైస్తవంలోకి మారారేమోనని. మారితే మేం ఎస్సీలం కాదు. విచారణకు వచ్చినాయన గోడ మీది ఫొటో చూశాడు.

"ఏమప్పా, ఈ పాస్టరుది యా చర్చి?"

కాదు సార్ అని ఊరుకోవచ్చు కదా. నాన్న కుర్చీ వేసి మరీ మొదలుపెట్టాడు. ఆయన పాస్టరు కాదట, ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చిన కార్మికుడట. కమ్యూనిస్టని హిట్లర్ ఆరేళ్లు జైల్లో పెట్టాడట. యుద్ధం అయ్యాక వాళ్ల చట్టసభలో మెంబరు, ఆ తర్వాత ఢిల్లీలో రాయబారి. ఆయనా దేవుణ్ణి నమ్మలేదు, మేమూ నమ్మం అని ముగించాడు. వచ్చినాయన వాచీ చూసుకుని, హిందువులని రుజువు చూపాలని చెప్పి వెళ్లిపోయాడు.

కౌన్సెలింగ్‌కు నాలుగు రోజులే ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. నీ జర్మనీ ఆయన వచ్చి సీటిప్పిస్తాడా అని నాన్న మీద అరిచాను. మా అమ్మ ఉరుకుందమ్మ పక్కింట్లోంచి ఈరన్నస్వామి పటం తెచ్చి, రాయబారిని దించి, ఆ మేకుకే తగిలించింది. నాన్న రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

మూడో రోజు ఆ విచారణకు వచ్చినాయన మళ్లీ వచ్చాడు. పూజ చేస్తారా అని అడిగాడు. నాన్న పటం వైపు తిరిగి చేతులు జోడించాడు.

"దినామూ చేస్తాము సార్."

నేను కోరిందీ అదే. అయినా ఆ చేతులు చూడలేకపోయాను.

సర్టిఫికెట్ వచ్చింది, సీటూ వచ్చింది. ఆ సాయంత్రం రాయబారి ఫొటో తుడిచి, మళ్లీ తగిలించబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దులేమ్మా. నీ చెల్లెలికి గూడా సర్టిఫికెట్ తియ్యాల గదా."