ఒళ్లు విదల్చని మేకపోతు

ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో మనిషికి తన చదువు మీద ఉండే నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు. నాకైతే మరీను. స్టీల్‌ప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి విశాఖ వచ్చి స్థిరపడ్డ ఇంట్లో పుట్టి, పశువైద్యం చదివి, సముద్రం ఒడ్డు పేటలకు దగ్గర్లో ఉన్న పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా కూర్చున్న మొదటి ఏడాది అది. ఎవరు ఏమడిగినా ఉపన్యాసమే (మా అమ్మ కూర ఎలా ఉందని అడగడం మానేసింది).

వేసవిలో చేపలవేట నిషేధం ముగియబోతుండగా, ఎండుచేపలు అమ్మే ఒక మామ్మ తన మేకపోతును ఆటోలో వేసుకొచ్చింది. వెంట కొడుకు, చుట్టాలు. కొడుకు కొత్త పడవ కట్టించాడు. అది నీళ్లలో దిగే రోజున అమ్మవారికి ఇస్తానని మొక్కుకుని, ఈ మేకపోతును చిన్నప్పటి నుంచి చేత్తో మేపింది మామ్మ. అదిప్పుడు మేత ముట్టక, కాఫీ డికాషన్ రంగులో మూత్రం పోస్తూ, గడగడా వణుకుతోంది. మొక్కిన జీవం ముందే చస్తే పడవకు అరిష్టమని కొడుకు ముఖం వాడిపోయింది. చుట్టాలు మాత్రం దానికి దండాలు పెడుతున్నారు. వాళ్ల ఆచారంలో బలికి ముందు పసుపునీళ్లు పోస్తే జీవం ఒళ్లు విదల్చాలి. అలా విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. "నీల్లు పొయ్యకుండానే ఒనుకుతంది సూడు బావా! అమ్మోరికెంత తొందరో!" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"అమ్మవారు కాదండీ, జ్వరం," అన్నాను. చెవుల వెనక, తొడల సందుల్లో పిడుదులు గుత్తులుగా పట్టి ఉన్నాయి. అవి రక్తం తాగి ఊరుకోవు, రక్తకణాలను పగలగొట్టే పరాన్నజీవుల్ని ఒంట్లోకి వదులుతాయి, మూత్రం రంగు అందుకే మారిందని మొదలుపెట్టి, చెవికొసన గుచ్చి చుక్క రక్తం తీయాలన్నాను.

"మొక్కు జీవానికి సిల్లెట్టేత్తావేటమ్మా? లోపమున్నదాన్ని అమ్మోరికెలాగిత్తాం?" అని పెద్దాయన అడ్డుపడ్డాడు.

మామ్మ ఆయన్ని పక్కకు తోసేసింది. "నువ్వు గుచ్చీ డాట్రమ్మా. నాను పసుపెట్టేత్తాను. ముందది బతకాల." అన్నట్టే గుచ్చిన చోట పసుపు రాసి, ఆ చేత్తోనే నా నుదుటికీ, మైక్రోస్కోపుకీ కూడా రాసింది (అద్దానికి అంటలేదు గనక బతికిపోయాను). ఎర్రకణాల్లో జీడిపిక్కల్లా జంటలు జంటలుగా పరాన్నజీవులు కనబడేసరికి, పుస్తకంలో బొమ్మ కళ్లెదుటికొచ్చిన ఆనందంలో కేక వేశాను. ఇంజక్షన్ చేసి, పిడుదులు రాలడానికి మందిచ్చి, ఈ సూది పడ్డాక కొన్ని వారాలు దీని మాంసం తినకూడదని గట్టిగా చెప్పాను. "అలాగలాగే" అన్నారందరూ. విన్నవాళ్లెవరూ లేరని ముఖాలే చెప్పాయి.

మేకపోతు కోలుకుంది. పడవ దింపే రోజున నన్నూ పిలిచారు. డప్పులు మోగుతుంటే, అది తన మెడలోని బంతిపూలదండనే నములుతూ నిలబడింది. మామ్మ దాని మీదికి వంగి పట్టుకుంది. పెద్దాయన బిందెడు పసుపునీళ్లు పోశాడు. మేకపోతు విదల్చలేదు. ఇంకో బిందె పోశాడు. ఊహూఁ. జనమంతా నా వైపు తిరిగారు. "సూదేసి ఒనుకు మొత్తం లాగేసినావు కదమ్మా!" అన్నాడాయన. పడవ ఆగిపోతే ఆ పాపం నాదే.

అప్పుడు మామ్మ తలెత్తింది. "అమ్మోరికిష్టం లేదురా! మందు పడిన మాంసం తినకూడదని డాట్రమ్మ సెప్పలేదేటి? మనం తినకూడంది ఆ తల్లెలా తింతాది? పుంజుని తెండి."

కొడుకు తల్లి వంక చూసి, పుంజును తెమ్మన్నాడు. పడవ నీళ్లలోకి దిగింది.

నా ఇంజక్షన్ అమ్మవారి మనసే మార్చిందని ఆ తర్వాత చాలాకాలం పెళ్లిళ్లలో, పేరంటాల్లో గొప్పలు పోయాను. మొన్న, నేనిప్పుడు పనిచేస్తున్న పెందుర్తి ఆసుపత్రికి వానలో తడిసిన మేకను ఒకటి తెచ్చారు. బల్ల మీద పెట్టీపెట్టగానే అది ఒళ్లు విదిల్చి, నా ముఖం నిండా నీళ్లు చిమ్మింది. జబ్బున్నా లేకున్నా, తడిసిన మేక విదల్చక ఊరుకోదు. ఇన్నేళ్లు పశువైద్యం చేశాక ఆ ముక్క నాకు అప్పుడు తట్టింది. దాని వెంటే మామ్మ చేతులు గుర్తొచ్చాయి. ఆ రోజు రెండు అరచేతులూ మేకపోతు వెన్ను మీద పరిచి, ఒంటి బరువంతా వేసి అదిమిపెట్టిందా తల్లి. ముఖం తుడుచుకుంటూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. అంత జనంలో మేకపోతును బతికించింది తానేనని నమ్మి నిలబడ్డ ఆ కుర్ర డాక్టరమ్మ మీద జాలేసింది, కాస్త ముద్దూ వచ్చింది.